తడిచేతుల ఎదురింటాయన

మా కోడలికి,

ఇక్కడ మీ అత్తయ్యా నేనూ కులాసా. అక్కడ మీరిద్దరూ అలాగే ఉన్నారనుకుంటాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నీకు అనిపించవచ్చు. పెళ్ళయినప్పటి నుంచి ఫోనులో నువ్వు నాతో మాట్లాడినవి మూడే మాటలు. 'ఆఁ', 'ఊఁ', 'ఇస్తున్నానండీ'. మూడోది అనేసి ఫోను మావాడి చేతిలో పెడతావు. వాడేమో 'అంతా బాగే నాన్నా' అని టక్కున పెట్టేస్తాడు. వాడికన్నా వాడు బాగుచేసే లిఫ్టులు నయం, తలుపులు మూసుకునే ముందు గంటయినా కొడతాయి.

విషయమేమిటంటే, మా రీడింగ్ రూములో నెలాఖరున ఒక సభ ఉంది. 'సమాజం నిజంగా ముందుకు పోతోందా?' అనేది చర్చ. పోతోందని మా కాంపౌండరు మాట్లాడతాడు. ఇంజెక్షను సూదులు సన్నబడ్డాయి కాబట్టి లోకం బాగుపడిందని అతని వాదం. పోవడం లేదని నేను మాట్లాడతాను. అచ్చాఫీసులో బతుకంతా ప్రూఫులు దిద్దినవాణ్ణి, తప్పు కనబడితే వదలను. కానీ ఆధారాలు కావాలి. నువ్వు పట్నంలో ఉన్నావు. చూసింది చూసినట్టు రాయి. ఉత్తరంలో సిగ్గుపడాల్సిన పని లేదు, ఎదురుగా ఎవరూ ఉండరు.

ఆశీస్సులతో,
మీ మామయ్య

తా.క.: నీ ఉత్తరంలో తప్పులుంటే దిద్ది తిప్పి పంపుతాను. బాధపడకు. పెళ్ళయిన కొత్తలో మీ అత్తయ్య పుట్టింటి నుంచి రాసిన ఉత్తరం కూడా అలాగే దిద్ది పంపాను. ఆ తరవాత ఆమె నాకు మళ్ళీ ఉత్తరం రాయలేదు.

*

మామయ్యగారికి,

చేతులు జోడించి మీ కోడలు రాస్తోంది. మీ ఉత్తరం రాగానే బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. చూస్తే భయం వేసింది. మీ అబ్బాయి 'రాయి, నాన్న కొరికెయ్యడులే' అన్నారు. మీరు దిద్దుతారన్న సంగతి ఆయనకు చెప్పలేదు. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. నా రాత చదివి మీ కళ్ళు నొప్పి పుడితే క్షమించండి.

ఇక్కడ మా బిల్డింగులో లిఫ్టు మాట్లాడుతుంది. ఎక్కగానే ఆడగొంతుతో 'తలుపులు మూసుకుంటున్నాయి' అంటుంది. మొదటిసారి నేను 'సరేనండీ' అన్నాను. లోపల ఉన్నవాళ్ళు నా వైపు తిరిగి నవ్వారు. ఆ రోజు నుంచి మెట్ల మీదే వెళుతున్నాను. లిఫ్టులు బాగుచేసే ఆయన పెళ్ళాం మెట్లెక్కుతోందని వాచ్‌మన్ అందరికీ చెబుతున్నాడు.

పెద్ద షాపుల్లో కొళాయి కింద చెయ్యి పెడితే నీళ్ళు వాటంతటవే వస్తాయి. నేను పెడితే రావు. 'ఇటు జరగమ్మా' అని నా వెనకావిడ పెడితే వస్తాయి. ఆ కొళాయికి కూడా నేనంటే లోకువే. ఇది ముందుకు పోవడమో కాదో నాకు తెలియదు. మీరే తేల్చండి.

మీ కోడలు

తా.క.: ఒక్క మాట అడగనా? పోయినసారి మేం వచ్చినప్పుడు అత్తయ్య నాకు వడ్డిస్తూ గరిట విసిరినట్టు కంచంలో పడేశారు. కూర నా చీర మీద చిందింది. ఆవిడకు నా మీద కోపమా? అప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను.

*

కోడలికి,

నీ ఉత్తరం దిద్ది ఇందులోనే పెట్టాను. ఎరుపు ఎక్కువగా కనబడితే కంగారుపడకు, సీసా ఒలికింది.

అమ్మాయీ, లిఫ్టు మాట్లాడితే మనిషి గొప్పవాడైనట్టు కాదు. కొళాయి సంగతి చదివి వినిపిస్తే కాంపౌండరు ఎగిరి గంతేసి 'చూశారా, ముట్టుకోకుండానే నీళ్ళు!' అన్నాడు. నా ఆధారం వాడికి పనికొచ్చింది. నాకు యంత్రాలు వద్దు. మనుషులు కావాలి. ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు ఎలా ఉంటున్నారు? ఎవరు ఏ పని చేస్తున్నారు? అది రాయి. ఇళ్ళల్లోనే తెలుస్తుంది లోకం ఎటు పోతోందో.

మీ మామయ్య

తా.క.: మీ అత్తయ్యకు ఎవరి మీదా కోపం లేదు. మా ఇంట్లో గరిట కాస్త బరువు. ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి.

*

(ఇది పోస్టు చేయని ఉత్తరం)

మామయ్యగారికి,

ఇళ్ళల్లో ఎలా ఉంటున్నారని అడిగారు. నాకు లోపలి దాకా తెలిసిన ఇల్లు మాదొక్కటే. అందుకని నిజం రాసేస్తున్నాను.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. కాలర్లు కుడతాను. తెల్లవారగానే వెళ్ళి మధ్యాహ్నం వస్తాను. మీ అబ్బాయికి సాయంత్రం డ్యూటీ. అందుకని పొద్దుటి వంట, అంట్లు, బట్టలు ఆయనవే. బాల్కనీలో ఆయన నా లంగాలు దులిపి ఆరేస్తుంటే ఎదుటి బిల్డింగంతా చూస్తుంది. ఆ సమయానికి నేను మిషను మీద ఉంటాను. అక్కడ కూర్చునే నాకు చెవులు వేడెక్కిపోతాయి. ఆయనకు అదేం లేదు, ఈల వేస్తూ ఆరేస్తారు.

ఈమధ్య మా సూపర్‌వైజరమ్మ నన్ను పిలిచి, 'వచ్చే నెల నుంచి కాలర్ల లైనంతా నువ్వే చూసుకోవాలి' అంది. నాకు ఎంత సంతోషమేసిందో ఎవరికీ చెప్పలేదు. నన్ను ఇంతవరకు ఎవరూ దేనికీ పెద్దగా పెట్టలేదు. కానీ మీ అబ్బాయి ఎప్పుడూ అంటారు, 'నాన్నకు తెలిస్తే నిన్ను పని మాన్పిస్తాడు, నన్ను మగాడివేనా అంటాడు' అని. అందుకే మీకు...

ఇక్కడిదాకా రాసి చదువుకున్నాను. ఇది పంపలేను. మా స్టూలు ఒక కాలు పొట్టిది, ఊగుతుంటుంది. ఈ కాగితం మడిచి దాని కింద పెడుతున్నాను.

*

మామయ్యగారికి,

నమస్కారాలు. మీరు అడిగినట్టే ఒక ఇంటి సంగతి రాస్తున్నాను. మా ఇల్లు కాదు. ఎదురిల్లు.

మా బాల్కనీకి సరిగ్గా ఎదురుగా ఒక జంట ఉంది. ఆవిడ పొద్దున్నే పనికి వెళుతుంది. ఎదురింటాయన ఇంట్లో ఉండి వంట చేస్తారు, గిన్నెలు తోముతారు, బట్టలు ఉతుకుతారు. వాళ్ళావిడ బట్టలు కూడా. తరవాత బాల్కనీలో ఈల వేస్తూ ఆరేస్తారు. చొక్కాలకు భుజాల దగ్గర క్లిప్పులు పెడతారు. ఒకోరోజు కూర మాడుతుంది. ఆ వాసన మా ఇంట్లోకి కూడా వస్తుంది, చాలా దగ్గర కదా.

ఇది ముందుకు పోవడమేనా మామయ్యగారూ? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను.

మీ కోడలు

తా.క.: ఎదురింటాయన మంచివారే. నేను ఆట్టే చూడను. కనిపిస్తే చూస్తాను.

*

కోడలికి,

శభాష్! నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నాకు ఇంతకన్నా గట్టి ఆధారం దొరకదు. రీడింగ్ రూములో అందరికీ వినిపించాను. నీ ఊసు ఎత్తలేదులే, 'పట్నంలో ఉండే ఒక నమ్మకమైన మనిషి' అన్నాను. ఒక్కొక్కరూ ముక్కు మీద వేలేసుకున్నారు. 'ఆవిడ బట్టలు కూడానా?' అని అధ్యక్షుడు ఆ వాక్యం నాతో ముమ్మారు చదివించాడు. మీ ఎదురింటాయనకు 'తడిచేతులవాడు' అని పేరు కూడా పెట్టాడు.

పెళ్ళాం బట్టలు నలుగురి కళ్ళ ముందూ ఆరేయడమా! మగవాడి మర్యాద ఏ గంగలో కలిసింది? అతను చేసేది తప్పు. పైగా తప్పుగా చేస్తున్నాడు. భుజాల దగ్గర క్లిప్పులు పెడితే చొక్కాకు కొమ్ములు మొలుస్తాయి. కింది అంచు పట్టి తలకిందులుగా వేయాలి. వేసే ముందు రెండు సార్లు గట్టిగా విదిలించాలి, ఇస్త్రీ సగం అక్కడే అయిపోతుంది. కూర మాడుతోందంటే సెగ పెద్దది పెట్టి ఎక్కడికో పోతున్నాడన్నమాట. మాడిన గిన్నెను గీకుతున్నాడా? గీకకూడదు. నీళ్ళు పోసి చిటికెడు సోడా వేసి మరిగించి వదిలేయాలి. సిగ్గులేని పనికి పూనుకున్నవాడు కనీసం శ్రద్ధగానైనా చేయొద్దా?

మీ మామయ్య

తా.క.: ఇవన్నీ నాకెలా తెలుసని నీకు సందేహం రావచ్చు. పూర్వం గృహవిజ్ఞానం పాఠ్యపుస్తకం ప్రూఫులు దిద్దాను.

*

మామయ్యగారికి,

నమస్కారాలు. మీరు అందరికీ చదివి వినిపించారని తెలిసి మీ ఉత్తరం మళ్ళీ బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. పట్నంలో ఇన్ని లక్షల మంది ఉన్నారు, అయినా కొళాయి దగ్గర నిలబడితే అందరూ నన్నే చూస్తున్నట్టుంది. ఇక మీదట దయచేసి చదవకండి. చదివితే ఆవిడ బట్టల సంగతి వదిలేయండి.

ఎదురింటాయన ఇప్పుడు చొక్కాలు తలకిందులుగా వేస్తున్నారు. నేనేం చెప్పలేదు, ఆయనకే తోచినట్టుంది. గిన్నె కూడా సోడాతో తెల్లబడింది. 'ఇదెక్కడ నేర్చుకున్నావే?' అని ఆయన అడిగితే, ఆవిడ 'పనిలో ఎవరో చెప్పార్లెండి' అందట.

కానీ నిన్న ఘోరం జరిగింది. ఎర్ర తువ్వాలు తెల్లబట్టలతో కలిపి నానబెట్టేశారు. బట్టలన్నీ గులాబీ రంగు. వేరేది లేక ఆ గులాబీ బనీనుతోనే లిఫ్టు బాగు... అంటే, లిఫ్టెక్కి ఎక్కడికో డ్యూటీకి వెళ్ళారు. చొక్కాలోంచి బనీను కనబడుతుంటే తోటివాళ్ళు 'కొత్త పెళ్ళికొడుకులా ఉన్నావురా' అన్నారట. ఎదురింటావిడకు సిగ్గుతో అన్నం దిగలేదు.

అయినా మామయ్యగారూ, ఆవిడ అలిసిపోయి వచ్చేసరికి కంచంలో అన్నం పెట్టి పైన మూత వేసి ఉంటుంది. ఆ మూత తీసేటప్పుడు లోపలి నుంచి వేడి మొహానికి తగులుతుంది. అప్పుడు ఆవిడకు ఏడుపొస్తుంది. మంచి ఏడుపే. ఎదురుగా కదా, నాకు కనబడుతుంది. అది తప్పంటారా?

మీ కోడలు

తా.క.: మీ ఉత్తరం మీద పెద్ద నూనె మరక ఉంది. ఉల్లిపాయ వాసన కూడా వచ్చింది. నేను దిద్దుతున్నానని అనుకోకండి.

*

కోడలికి,

ఈ ఉత్తరం అందగానే వంటా వార్పూ వదిలేసి ఎదురింటికి పరిగెత్తు. రంగంటిన బట్టలు ఆరనిచ్చాడా, ఇక అంతే! తడి మీదనే వేడి నీళ్ళలో సోడా వేసి మళ్ళీ నానబెట్టాలి. ఉత్తరం చేరేసరికి ఎలాగూ ఆరిపోతాయి. అయినా చెప్పు, ఈసారికి పనికొస్తుంది. అతను ఇంకా ఎన్ని పాడుచేస్తాడో అని నాకు నిద్ర పట్టడం లేదు. (ఈ సోడా చిట్కా ఆ గృహవిజ్ఞానం పుస్తకం రెండో భాగంలో ఉంది.)

నూనె మరక సంగతి: మీ అత్తయ్య అటుగా వెళ్ళింది.

మూత, వేడి, ఏడుపు అని రాశావు. ఆ పేరా చదివి కాసేపు కిటికీలోంచి బయటకు చూశాను. కానీ కాంపౌండరు ముందు కన్నీళ్ళు పనికిరావు. అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. వచ్చే ఆదివారం నేనే బయల్దేరి వస్తున్నాను. మావాణ్ణి వెంటబెట్టుకుని ఎదురింటికి వెళతాను. తండ్రీ కొడుకులం చెరో కుర్చీలో ఎదురుగా కూర్చుంటే అతనికే సిగ్గొస్తుంది. ముందు ఆవిడ చేత ఉద్యోగం మాన్పించాలి. అన్నిటికీ మూలం అక్కడుంది. మావాడిలాంటి మగవాణ్ణి చూసైనా అతను నేర్చుకోవాలి.

మీ మామయ్య

తా.క.: తడిచేతులవాడు ఎలాంటి క్లిప్పులు వాడతాడో కనుక్కో. ఇక్కడ దొరికేవి వానాకాలం రాగానే తుప్పు పట్టి మరకలు పెడుతున్నాయి. ఊరికే అడుగుతున్నాను.

*

మామయ్యగారికి,

నమస్కారాలు. మీరు శ్రమపడి రావద్దు. ఎదురింటివాళ్ళు లేరు. వెళ్ళిపోయారు. పొద్దున ఆవిడ వెళ్ళింది. సాయంత్రం ఆయన వెళ్ళారు. ఇద్దరూ కలిసి వెళ్ళడం నేను చూడలేదు. ఎప్పుడు వస్తారని నన్ను అడగకండి.

నేను అబద్ధాలాడే మనిషిని కాదు మామయ్యగారూ. అలవాటు లేక అక్షరాలు వంకరపోతున్నాయి. అంటే పెన్ను మంచిది కాదు.

మీ కోడలు

తా.క.: మీరు వస్తున్నారన్న ఉత్తరం వచ్చింది కూడా ఆ రోజే.

*

కోడలికి,

నీ ఉత్తరం చదివాను. ఆవిడొక దారి, అతనొక దారీనా? నా ఉత్తరం వచ్చిన రోజేనా? అంటే ఆ మాటలు వాళ్ళ చెవిన పడ్డాయన్నమాట. నీ చేతిలోంచి జారి వాళ్ళ కంటబడిందో, వాచ్‌మనే చదివి చెప్పాడో. సభకు ఆధారం అడిగాను కానీ, ఒక కాపురం కూలదోయమన్నానా?

నిన్న రెండు పూటలా నాకు ముద్ద దిగలేదు. తీగ మీద ఖాళీ క్లిప్పులే కళ్ళ ముందు ఆడుతున్నాయి. పాపం, పెళ్ళాం వచ్చేసరికి చల్లారిపోతుందని కంచం మీద మూత పెట్టే మనిషి. నేను అతన్ని ఎన్ని మాటలన్నాను! అన్నవాటిలో తప్పని తెలిసీ అన్నవే ఎక్కువ. ఎక్కడున్నాడో వెతుకు. మావాణ్ణి కూడా పంపు. 'నిన్ను ఆడిపోసుకున్న ముసలాయన ఒకడు తలెత్తుకోలేక ఉన్నాడు, మళ్ళీ ఇంటికి రా, ఆవిణ్ణి కూడా పిలుచుకో' అని చెప్పించు.

సభ నుంచి మాత్రం తప్పుకోలేను. కరపత్రాలు అచ్చయిపోయాయి. కాంపౌండరు ముందు తల దించుకుంటే ఊళ్ళో తిరగలేను. ఆదివారం ప్రయాణం మానుకున్నాను, ఖాళీ బాల్కనీ చూసే ధైర్యం లేదు.

మీ మామయ్య

తా.క.: ఈసారి నీ ఉత్తరం దిద్దలేదు. ఎర్ర సిరా సీసా తెరవగానే ఆ గులాబీ బనీను గుర్తొచ్చింది.

*

మామయ్యగారికి,

ఈ ఉత్తరం కూర్చుని రాయలేక నిలబడి రాస్తున్నాను. మీరు అన్నం మానేశారని చదివాక ఇక దాచలేను.

ఎదురింట్లో ఎవరూ విడిపోలేదు. అసలు ఎదురింట్లో ఒక ముసలావిడ, ఆవిడ పిల్లీ తప్ప ఎవరూ లేరు. తడిచేతులవాడు మీ అబ్బాయే. పొద్దున్నే పనికి వెళ్ళేది నేనే. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. పొద్దున నేను వెళ్ళాను, సాయంత్రం ఆయన వెళ్ళారు, ఆ మాట నిజమే. రోజూ అంతే.

మీరు అడిగినప్పుడు నాకు వేరే ఇల్లు తెలియదు. మా ఇల్లని రాయడానికి సిగ్గేసి ఎదురిల్లని రాశాను. మీరు మంచిదంటే అప్పుడు చెబుదామనుకున్నాను. మీరు తిట్టారు. ఆ తరవాత ప్రతి ఉత్తరానికీ ఒక అడుగు లోపలికి దిగబడ్డాను. మీ ముందు నా సిగ్గు దాచుకోవడానికి మా ఆయన్ని పదిమందిలో నవ్వులపాలు చేశాను. దానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నిన్న ఆయనకు కూడా అంతా చెప్పాను. స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాయి. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డారు. తరవాత, 'పోనీలే, నాన్న ఎదురింటివాణ్ణనుకుని తిట్టాడు, మొహం మీద తిట్టలేదు' అన్నారు. ఇవాళ బట్టలు ఆరేసేటప్పుడు ఈల వినబడలేదని కింద కూరగాయలమ్మి నాతో అంది. నేనెప్పుడూ ఆ ఈల వినలేదు మామయ్యగారూ, ఆ వేళకు పనిలో ఉంటాను. అయినా లేదంటే ఇల్లంతా బోసిగా అనిపించింది.

సభలో ఏమనదలిస్తే నన్ను అనండి. ఆయన్ని అనకండి.

మీ కోడలు

తా.క.: వచ్చే నెల నుంచి కాలర్ల లైనుకు నన్ను పెద్దగా వేస్తున్నారు. నేను పని మాననండి. ఈ మాట పైన రాయడానికి ధైర్యం చాలక కిందికి తెచ్చాను.

*

కోడలికి,

నీ ఉత్తరం సరిగ్గా సభ రోజు పొద్దున అందింది. చదివాను. కళ్ళజోడు తుడవాల్సి వచ్చింది, ఈసారి దుమ్ము వల్ల కాదు.

అయినా వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియకుండా వెళ్ళడం నాకిదే మొదటిసారి. గది నిండా జనం. మీ అత్తయ్య కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. కాంపౌండరు సూదుల గురించి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. నా వంతు వచ్చింది. లేచి 'సభ్యులారా' అన్నాను. చెమటలు పోశాయి. భుజం మీది తువ్వాలు తీసి మొహం గట్టిగా తుడుచుకున్నాను.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత గదంతా. 'ఏమండోయ్, మొహం మీద ఆ మసేమిటి?' అన్నాడు కాంపౌండరు. చేతిలోకి చూసుకున్నాను. తువ్వాలు కాదు. మా వంటింటి మసిగుడ్డ. పొయ్యి మీది గిన్నెలు దించే గుడ్డ, అమ్మాయీ, అంతమందిలో నా భుజాన.

'మా ఆవిడది, పొరపాటున వచ్చింది' అనబోయాను. మీ అత్తయ్య వైపు చూశాను. ఆమె కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది. ఆ అబద్ధం అక్కడే ఆపేశాను.

మీ ఇద్దరికీ చెప్పని సంగతి ఇది. మావాడు పట్నం వెళ్ళాక మా పెరట్లో జారిపడి ఆమె మణికట్టు విరిగింది. కట్టు కట్టారు కానీ వంకరగా అతికింది. చెంచా కన్నా బరువు ఆ చెయ్యి మొయ్యదు. ఆనాటి నుంచీ మా ఇంట్లో వంట నాది, అంట్లు నావి, బట్టలు నావి. గృహవిజ్ఞానం ప్రూఫులు నేనెప్పుడూ దిద్దలేదు. అలాంటి పుస్తకమే లేదు. వంటింటి తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి వండుతాను. చీకటి విడకముందే బట్టలు పెరట్లో ఆరేస్తాను. మీరిద్దరూ వచ్చినప్పుడల్లా నేను పడక్కుర్చీలో కూర్చుని 'మంచినీళ్ళు!' అని కేకేస్తాను, ఆమె ఆ చేత్తోనే వండి వడ్డిస్తుంది. కొడుకు ముందు నా పరువు నిలబెట్టడానికి. ఆ గరిట ఆమె విసరలేదు. చేతిలోంచి జారింది. నీ చీర మీద పడిన ఆ మరక నాది.

సభలో ఇదంతా చెప్పాను. మసి మొహంతోనే. 'నేను తిట్టిన తడిచేతులవాడు నా కొడుకు. నేను గడియ పెట్టుకుని చేసే పనే వాడు బాల్కనీలో ఈల వేస్తూ చేస్తున్నాడు. సమాజం సంగతి నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం వాడు నాకన్నా ముందున్నాడు' అని కూర్చున్నాను. చప్పట్లు లేవు. గది గదంతా నేల చూసింది. కాసేపటికి కాంపౌండరు నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి, 'మాడిన గిన్నెకు ఏం వేస్తారన్నారు?' అని అడిగాడు. ఇంకొకాయన 'మా ఇంట్లో కూడా ఎర్ర తువ్వాలు...' అన్నాడు. ఇక చర్చ తేలలేదు. సోడా ఎంత వేయాలన్న దాని మీదే పొద్దు గడిచింది. అధ్యక్షుడికి చిటికెడంటే ఎంతో కూడా తెలియదు, పాపం కొత్త.

నువ్వు పని మానకు. లైనులో ఎవరిదైనా కాలరు వంకరగా వస్తే మొహమాటపడకుండా విప్పించు. తప్పు వదలకపోవడం మన ఇంటి లక్షణం. ఆదివారం ఇద్దరం వస్తున్నాం. వంట నేనూ మావాడూ చూసుకుంటాం. నువ్వూ మీ అత్తయ్యా కూర్చుని 'మంచినీళ్ళు!' అని కేకెయ్యండి. వాణ్ణి బనీన్లు ఆరేయకుండా ఉంచమను, బాల్కనీలో నేను ఆరేస్తాను. వాణ్ణి పక్కన నిలబడి ఈల వేయమను.

మీ మామయ్య

తా.క.: క్లిప్పుల సంగతి నువ్వింకా రాయలేదు.

*

కోడలా, ఇది మీ అత్తయ్య రాస్తున్నది. ఎడమచేత్తో రాస్తున్నా, వంకర టింకరగా ఉంటుంది. ఆయన దిద్దకుండా కవరు నేనే అంటిస్తున్నాను. నీ ఉత్తరాలన్నీ ఆయన కన్నా ముందు నేనే చదివాను. ఎదురింటాయన ఈల వేస్తాడని రాశావు చూడు, అప్పుడే తెలిసింది. నేను కన్న ఈల నాకు తెలియదా? ఆయన నోరు విప్పుతారని చూశాను, చూశాను. విప్పలేదు. సభకు వెళ్ళేముందు 'ఏమేవ్, తువ్వాలు ఇలా పడెయ్' అని కేకేశారు. తెచ్చి భుజాన వేశాను. నాకు దెబ్బ తగిలింది చేతికే, కళ్ళకు కాదు.